అటకమీది నెగటివ్‌లకు ఏ స్కానరు మేలు?

గుర్రంకొండ: పెళ్లి ఆల్బంతోపాటు స్టూడియోవారు చేతికిచ్చే సన్నని కాగితపు కవరును పూర్వం ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆల్బంను ఇంటిల్లిపాదీ తిరగేసేవారు. వచ్చిన బంధువులకల్లా చూపించేవారు. నెగటివ్‌లున్న కవరు మాత్రం బీరువా అడుగుకో, అటకమీది ట్రంకు పెట్టెలోకో చేరేది. ముప్పై, నలభై ఏళ్లు గడిచేసరికి పరిస్థితి తారుమారైంది. ఆల్బంలోని రంగు ఫొటోలు వెలిసిపోయి ఎర్రబారాయి. కొన్ని ప్లాస్టిక్‌ పొరకు అతుక్కుపోయి, తీయబోతే చిరుగుతున్నాయి. ఇప్పుడు ఆనాటి ముఖాలను తిరిగి స్పష్టంగా చూడాలంటే మిగిలిన దారి ఎవరూ పట్టించుకోని ఆ కవరే.

గుర్రంకొండ కోట దిగువన రంగిన్‌ మహల్‌ ముందు వరుసగా నిలబడి దిగిన పాఠశాల విహారయాత్ర ఫొటోలు, హార్స్‌లీ హిల్స్‌లో కొత్త దంపతులు తీయించుకున్న చిత్రాలు, మదనపల్లె స్టూడియోల్లో తెరల ముందు కూర్చున్న కుటుంబాల చిత్రాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో ఇలా నెగటివ్‌ల రూపంలోనే ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలన్న కోరిక చాలామందికి ఉంది. అయితే ఏ యంత్రం కొనాలి, అసలు కొనాలా, బయట చేయించుకోవాలా అన్న దగ్గరే పని ఆగిపోతోంది. తొందరపడి కొన్నవారిలో కొందరికి ఇంట్లో ఉన్న ఫిల్ము ఆ యంత్రంలో పట్టదని తర్వాత తెలుస్తోంది.

ఆలస్యం చేస్తే అసలుకే మోసం

ఫిల్ము శాశ్వతం కాదు. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఎక్కువగా వాడిన ఫిల్ముకు ఆధారం సెల్యులోజ్‌ ఎసిటేట్‌ అనే పదార్థం. వేడి, తేమ కలిసినచోట అది క్రమంగా విచ్ఛిన్నమై ఎసిటిక్‌ ఆమ్లాన్ని వెలువరిస్తుంది. పెట్టె మూత తీయగానే పుల్లని వెనిగర్‌ వాసన వస్తే ఆ క్రమం మొదలైందని అర్థం. ఒకసారి మొదలైతే దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. ఫిల్ము ముడుచుకుంటుంది, వంకర తిరుగుతుంది, చివరకు పైపొర ముడతలు పడి ఊడిపోతుంది. ఆ వాసన వచ్చే రీళ్లను మంచివాటి నుంచి వేరుచేసి, ముందుగా వాటినే స్కాన్‌ చేయించాలి.

రెండో శత్రువు బూజు. బొమ్మను మోసే పొర జెలటిన్‌తో తయారవుతుంది. అది జంతువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీసిన పదార్థం కాబట్టి బూజుకు మంచి ఆహారం. వానాకాలంలో గోడకు ఆనించిన బీరువాల్లోని నెగటివ్‌లపై సాలెగూడులా అల్లుకున్న మరకలు ఇవే. మూడోది రంగు వెలయడం. నలుపు తెలుపు నెగటివ్‌లో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. సరిగా కడిగినదైతే అది తరాలపాటు నిలుస్తుంది. రంగు నెగటివ్‌లో మిగిలేవి అద్దకాలు మాత్రమే. చీకట్లో దాచినా అవి నెమ్మదిగా వెలుస్తూనే ఉంటాయి. తాతల కాలపు నలుపు తెలుపు ఫొటో నిగనిగలాడుతుంటే 1985 నాటి రంగుల పెళ్లి ఫొటో పాలిపోవడానికి కారణం ఇదే.

వీటికి తోడు మనిషి చేసే నష్టం ఒకటుంది. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుందని తెలిసినవారు పాత ఎక్స్‌రే ఫిల్ములను, నెగటివ్‌లను తూకానికి కొంటారు. స్టూడియో మూతపడినప్పుడు దశాబ్దాల నెగటివ్‌లు ఇలా మూటలుగా తరలిపోతే ఊరి ముఖచిత్రమే మాయమైనట్లు. పొరుగున తమిళనాడులో ఈ ప్రమాదాన్ని గుర్తించి, పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ పాత స్టూడియోల ఫొటోలను, నెగటివ్‌లను డిజిటల్‌ రూపంలోకి మార్చింది. దీనికి బ్రిటిష్‌ లైబ్రరీ నిర్వహించే అంతరించిపోతున్న దస్త్రాల పరిరక్షణ పథకం తోడ్పడింది. హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్‌ గాజు నెగటివ్‌లు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నిజాముల నాటి భవనాలు, విందులు, వేటలు నేటికీ కళ్లకు కట్టడానికి అవీ ఒక కారణం. గ్రామాల స్టూడియోలకు అంతటి అండ లేదు.

మొదట ఫిల్ము కొలత

స్కానరు కొనేముందు చేయాల్సిన పని ఇంట్లో ఏ కొలత ఫిల్ము ఎంత ఉందో లెక్కపెట్టడం. ఈ ఒక్క పని చేస్తే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

అంచుల్లో రెండువైపులా చిల్లులున్న ఫిల్ము 35 మిల్లీమీటర్లది. ఇందులో ఒక్కో బొమ్మ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంటుంది. యాషికా, కోనికా, కొడాక్‌ చేతి కెమెరాలు ఇంటింటా చేరిన 1980, 90 దశకాలవన్నీ దాదాపు ఇవే. అట్ట లేదా ప్లాస్టిక్‌ చట్రంలో బిగించిన స్లైడ్లు కూడా సాధారణంగా ఇదే కొలత.

చిల్లులు లేని వెడల్పాటి ఫిల్ము 120 రకం. మన దేశంలోనే తయారై మధ్యతరగతి ఇళ్లలో రాజ్యమేలిన అగ్ఫా క్లిక్‌ త్రీ కెమెరాలో ఇదే పట్టేది. రీలుకు 12 బొమ్మలు, ఒక్కోటి దాదాపు 56 మి.మీ. చతురస్రం. స్టూడియోల్లోని రోలీఫ్లెక్స్‌, యాషికా మ్యాట్‌ వంటి రెండు కటకాల కెమెరాలు వాడిందీ ఇదే. ఊటీలోని ప్రభుత్వరంగ హిందుస్థాన్‌ ఫొటో ఫిల్మ్స్‌ ‘ఇందు’ పేరిట అమ్మిన నలుపు తెలుపు ఫిల్ము ఎంతోమందికి గుర్తుండే ఉంటుంది. ఆ కర్మాగారం మూతపడింది, ఫిల్ములు మాత్రం పెట్టెల్లో మిగిలాయి.

ఇక బొటనవేలి గోరంత బొమ్మలుండే 110 ఫిల్ము. జేబులో పట్టే హాట్‌షాట్‌ కెమెరాలవి. బొమ్మ కొలత 17 మి.మీ.కు 13 మి.మీ. మాత్రమే. దీనికి సరిపోయే చట్రం చాలా స్కానర్లతో రాదు. ఎంత గొప్ప యంత్రంలో పెట్టినా ఇందులోంచి పోస్టుకార్డు కొలతను మించి ఆశించడం అత్యాశే.

పాత స్టూడియోల గాజు పలకలు, పెద్ద షీటు ఫిల్ములు, ఎక్స్‌రేలు వేరే కోవకు చెందుతాయి. గాజు పలకను చట్రాల్లోకి బలవంతంగా తోస్తే పగిలిపోతుంది. దానికి బల్లపరుపు స్కానరో, కింద వెలుగు పెట్టి పైనుంచి కెమెరాతో తీయడమో తప్ప మరో దారి లేదు.

ఇంట్లో ఉన్నదంతా 35 మి.మీ. ఫిల్మే అయితే ఒక దారి. 120 కూడా ఉంటే మరో దారి. ఈ రెండింటి మధ్య తేడా గమనించకపోవడమే కొనుగోలులో జరిగే పెద్ద పొరపాటు.

జిరాక్స్‌ చేసే యంత్రంతో పని జరగదు

కార్యాలయాల్లో, నెట్‌ సెంటర్లలో కనిపించే ప్రింటరుతో కూడిన స్కానర్లు కాగితంపై వెలుగును పరావర్తనం చేసి బొమ్మను చదువుతాయి. నెగటివ్‌ పారదర్శకం. దానిగుండా వెలుగు వెళ్లాలి. మామూలు స్కానరు అద్దంపై నెగటివ్‌ పెడితే నల్లని పట్టీ తప్ప ఏమీ రాదు. అందుకే ఫిల్ము చదివే బల్లపరుపు స్కానర్ల మూతలో కూడా దీపం ఉంటుంది. పెట్టెపై ఫిల్ము, స్లైడు అని స్పష్టంగా రాసి ఉందా, చట్రాలు వెంట వస్తున్నాయా అన్నది చూడకుండా కొంటే డబ్బు వృథా.

ఫిల్ము చదవగల యంత్రాలు స్థూలంగా మూడు తరగతులు. ఫిల్ముకే ప్రత్యేకించిన చిన్న స్కానర్లు మొదటివి. ప్లస్టెక్‌ ఆప్టిక్‌ఫిల్మ్‌ 8100, 8200ఐ వంటివి ఈ కోవకు చెందుతాయి. ఇవి 35 మి.మీ. ఫిల్మును మాత్రమే తీసుకుంటాయి. ఒక్కో బొమ్మకు చట్రాన్ని చేత్తో జరపాలి. బల్లపరుపు స్కానర్లు రెండోవి. ఎప్సన్‌ పర్ఫెక్షన్‌ వీ600, వీ850 పేరెన్నికగన్నవి. వీ600లో ఒకేసారి 35 మి.మీ. బొమ్మలు 12, లేదా స్లైడ్లు 4 పెట్టవచ్చు. వీ850లో 18 బొమ్మలు, 12 స్లైడ్లు పడతాయి. 120 ఫిల్ముకూ వీటిలో చట్రాలున్నాయి. కాగితపు ఫొటోలను, ఉత్తరాలను కూడా స్కాన్‌ చేసుకోవచ్చు.

మూడోవి స్కానరు అని పిలుస్తున్నా నిజానికి పెట్టెలో బిగించిన చిన్న డిజిటల్‌ కెమెరాలు. నెగటివ్‌ను దూర్చి మీట నొక్కితే రెండు మూడు సెకన్లలో బొమ్మ మెమరీ కార్డులో చేరుతుంది. కంప్యూటరు కూడా అక్కర్లేదు. వేగం బాగుంటుంది, ధర తక్కువ. అయితే వెలుగు నీడల్లో వివరాలు పోతాయి, రంగులు యంత్రం ఇష్టప్రకారం వస్తాయి, పొదిగిన జేపెగ్‌ తప్ప మరో రూపంలో బొమ్మ దొరకదు. పెట్టెలో ఏ బొమ్మలున్నాయో ఒకసారి చూసుకుని ఏరుకోవడానికి ఇవి పనికొస్తాయి. భద్రపరచడానికి మాత్రం చాలవు.

అంకెల గారడీ

పెట్టెలపై పెద్ద అక్షరాలతో కనిపించేది డీపీఐ. అంగుళానికి ఎన్ని చుక్కలుగా బొమ్మను చదువుతుందన్న లెక్క ఇది. ఈ అంకె ఎంత పెద్దదైతే యంత్రం అంత గొప్పదని దుకాణదారు చెబుతాడు. వాస్తవం వేరు. యంత్రం తీసుకునే చుక్కల సంఖ్య ఒకటి, అందులోని కటకం నిజంగా విడదీసి చూపగల వివరం మరొకటి. సన్నని గీతలు చెక్కిన పరీక్షా పలకను స్కాన్‌ చేసి, ఏ గీత వరకు విడివిడిగా కనిపిస్తుందో చూసి అసలు సామర్థ్యాన్ని లెక్కిస్తారు.

అలా చేసిన స్వతంత్ర పరీక్షల్లో తేలిందేమిటంటే 7,200 డీపీఐ అని చెప్పుకునే ప్లస్టెక్‌ 8200ఐ నిజ సామర్థ్యం 3,200కు కాస్త అటూ ఇటూ. 6,400 అని చెప్పుకునే ఎప్సన్‌ వీ600 నిజంగా ఇచ్చేది 1,500 చిల్లర. అదే 6,400 అంకె వేసుకున్న వీ850 ఇచ్చేది సుమారు 2,300. అంటే చిన్న అంకె నిజం, పెద్ద అంకె ప్రచారం. పెద్ద అంకె పెట్టి స్కాన్‌ చేస్తే వివరం పెరగదు, ఫైలు మాత్రం ఉబ్బిపోతుంది. 35 మి.మీ. బొమ్మను 7,200 డీపీఐలో పూర్తి రంగు లోతుతో తీస్తే ఒక్క ఫైలే 400 ఎంబీ దాటుతుంది.

ఎంత కావాలన్నది ఏం చేసుకోవాలన్నదాన్ని బట్టి ఉంటుంది. గోడకు తగిలించే 12 అంగుళాలకు 8 అంగుళాల ఫొటోను చక్కగా ముద్రించాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 3,600కు 2,400 చుక్కలు, అంటే దాదాపు 86 లక్షల చుక్కలు కావాలి. 35 మి.మీ. నెగటివ్‌ నుంచి నిజమైన 2,400 డీపీఐ లభిస్తే 77 లక్షల చుక్కలు వస్తాయి. దాదాపు సరిపోయినట్లే. నిజమైన 3,200 వస్తే కోటీ 37 లక్షలు. అది నిండుగా చాలు. ఇంటి ఫొటోల్లో చాలావాటికి అంతకుమించి తవ్వితే ఫిల్ము రేణువులు పెద్దవిగా కనిపించడమే తప్ప ముఖంలో కొత్త వివరమేదీ బయటపడదు. మామూలు చేతి కెమెరా, చేతి వణుకు, ఫ్లాష్‌ వెలుగు కలిసి తీసిన ఫొటో అది.

120 ఫిల్ము విషయంలో లెక్క తిరగబడుతుంది. ఫిల్మే పెద్దది కాబట్టి నిజమైన 1,500 డీపీఐ ఇచ్చే వీ600తోనే కోటికి పైగా చుక్కలు వస్తాయి. తాతగారి క్లిక్‌ త్రీ ఫొటోలకు అది ధారాళంగా చాలు. అదే యంత్రంతో 35 మి.మీ. ఫిల్ము తీస్తే 30 లక్షల చుక్కలంత వివరమే దక్కుతుంది. సెల్‌ఫోనులో చూసుకోవడానికి, పోస్టుకార్డు కొలత ముద్రణకు పరవాలేదు. గోడకు పెద్దగా కట్టించుకోవాలంటే నిరాశే.

ఇంట్లో ఉన్నది ప్రధానంగా 35 మి.మీ. అయితే ప్రత్యేక ఫిల్ము స్కానరు, ప్రధానంగా 120, గాజు పలకలు అయితే బల్లపరుపు స్కానరు అన్న సూత్రం ఈ లెక్క నుంచే పుట్టింది. రెండూ సమానంగా ఉన్నవారికి వీ850 వంటి ఖరీదైన బల్లపరుపు యంత్రం మధ్యేమార్గం.

స్లైడ్లకు చీకటి పరీక్ష

అంకెల్లో మరొకటి డీమ్యాక్స్‌. ఫిల్ములో అతి నల్లని భాగంలోంచి కూడా వివరాన్ని చదవగల శక్తిని ఇది సూచిస్తుంది. నెగటివ్‌లు అంత నల్లగా ఉండవు కాబట్టి వాటికి దీనితో పెద్ద బెంగ లేదు. స్లైడ్ల సంగతి వేరు. నీడ భాగాలు చిక్కటి నలుపులో ఉంటాయి. బలహీనమైన స్కానరు ఆ నీడలను మసిబొగ్గులా చూపి, మధ్యలో రంగురంగుల చుక్కలు చల్లుతుంది. కంపెనీలు వేసుకునే డీమ్యాక్స్‌ అంకెలు సైతం డీపీఐ అంకెల్లాగే ఉదారమైనవి. వాటిని నమ్మడం కన్నా, ఇంట్లోని అన్నింటికన్నా నల్లని స్లైడును దుకాణానికి తీసుకువెళ్లి పరీక్షించి చూడటం మేలు.

అమెరికాలో 1965 నాటి వలస చట్టం తర్వాత అక్కడికి వెళ్లిన వైద్యులు, ఇంజినీర్లలో తెలుగువారూ ఉన్నారు. అక్కడ స్లైడ్లు తీసి ప్రొజెక్టరుపై వేసుకోవడం ఇంటింటి వేడుక. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ తీసిన స్లైడ్లూ వాటిలో ఉంటాయి. వాటి చట్రాలపై కొడాక్రోమ్‌ అని ముద్రించి ఉంటే ప్రత్యేకంగా చూసుకోవాలి. 1935లో వచ్చిన ఆ ఫిల్ము తయారీని కొడాక్‌ 2009లో నిలిపివేసింది. దాన్ని కడిగే చివరి ప్రయోగశాల 2010 డిసెంబరు ముగిసేసరికి ఆ పని ఆపేసింది. చీకట్లో దాచిన కొడాక్రోమ్‌ రంగులు మిగతావాటికన్నా దృఢంగా నిలుస్తాయి. అయితే వాటిని మామూలు అమరికతో స్కాన్‌ చేస్తే నీలిఛాయ కమ్ముకుంటుంది. స్కానరు సాఫ్ట్‌వేరులో కొడాక్రోమ్‌కు ప్రత్యేక అమరిక ఉంటే వాడుకోవాలి.

దుమ్ము దులిపే కిరణం

ఇంట్లో నలిగిన నెగటివ్‌పై దుమ్ము, గీతలు, వేలిముద్రలు తప్పవు. స్కాన్‌ చేసినప్పుడు అవి పదింతలై కనిపిస్తాయి. ఒక్కో మచ్చను కంప్యూటరులో చేత్తో తుడుస్తూ కూర్చుంటే ఒక్క ఫొటోకే అరగంట పడుతుంది. ఈ బెడదకు విరుగుడు ఇన్‌ఫ్రారెడ్‌ స్కానింగ్‌. రంగు ఫిల్ములోని అద్దకాల గుండా ఇన్‌ఫ్రారెడ్‌ కిరణం అడ్డులేకుండా వెళ్తుంది. దుమ్ము, గీతల దగ్గర ఆగిపోతుంది. ఆ తేడాను బట్టి ఎక్కడ మచ్చ ఉందో యంత్రం పసిగట్టి పూడ్చేస్తుంది. డిజిటల్‌ ఐస్‌ అన్న పేరుతో ప్రసిద్ధి పొందిన విధానమిది. ప్లస్టెక్‌లో 8100కు, 8200ఐకి ప్రధానమైన తేడా ఇదే. మొదటిదానికి ఈ కిరణం లేదు, రెండోదానికి ఉంది. రంగు నెగటివ్‌లు వందల్లో ఉన్నవారు ఆ కాస్త ఖర్చుకు వెనకాడితే తర్వాత కళ్లు, వేళ్లు నొప్పి పెట్టుకోవాల్సిందే.

నలుపు తెలుపు ఫిల్ముకు మాత్రం ఈ కిరణం పనిచేయదు. వెండి రేణువులు కూడా దాన్ని అడ్డగిస్తాయి కాబట్టి బొమ్మనే మచ్చగా భావించి చెరిపేస్తుంది. అమరిక ఆపకుండా స్కాన్‌ చేసి, కళ్లు ముక్కు చెదిరిన ముఖాలను చూసి యంత్రం చెడిందనుకునేవారున్నారు. కొడాక్రోమ్‌ పైనా దీని ఫలితం అనుమానమే. ఇంట్లో ఉన్నవన్నీ నలుపు తెలుపు నెగటివ్‌లే అయితే ఇన్‌ఫ్రారెడ్‌ కోసం అదనంగా చెల్లించడం దండగ.

పాత నికాన్‌ దొరికితే...

ఫిల్ము స్కానర్లకు స్వర్ణయుగం 2000 దశకం. నికాన్‌ కూల్‌స్కాన్‌ 5000, 9000, మినోల్టా డిమాజ్‌ వంటి యంత్రాల నాణ్యతను నేటికీ ప్రమాణంగా చెప్పుకుంటారు. నికాన్‌లో 4,000 డీపీఐ అంటే దాదాపు నిజంగా 4,000. కూల్‌స్కాన్‌ 5000కు స్లైడ్ల మేత పరికరం తగిలిస్తే ఒకేసారి 50 స్లైడ్లు పెట్టి వేరే పని చూసుకోవచ్చు. 9000 నమూనా 120 ఫిల్మును కూడా చదివేది. కోనికా మినోల్టా 2006లో కెమెరా వ్యాపారం నుంచే తప్పుకొంది. నికాన్‌ కూడా కొన్నేళ్ల తర్వాత తయారీ ఆపేసింది.

వాడిన యంత్రం చవగ్గా దొరికిందని ఎవరైనా చెబితే ఆలోచించాల్సినవి రెండు. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేరు నేటి కంప్యూటర్లలో నడవదు. వ్యూస్కాన్‌ వంటి బయటి సాఫ్ట్‌వేరు కొనాలి. లోపలి అద్దంపై దుమ్ము పేరుకున్నా, చట్రం లాగే మోటారు మొరాయించినా బాగుచేసేవారు అరుదు. నలుగురైదుగురు కలిసి వేల కొద్దీ బొమ్మలు తీసుకునేవారికి ఈ సాహసం గిట్టుబాటు కావచ్చు. రెండు కవర్ల నెగటివ్‌లున్న ఇంటికి అనవసరం.

కెమెరాయే స్కానరైతే

స్టూడియో నడిపేవారికి, కెమెరా ఉన్న కుర్రకారుకు మరో తేలికైన మార్గం ఉంది. మంచి డిజిటల్‌ కెమెరాకు మాక్రో కటకం బిగించి, కింద తెల్లని ఎల్‌ఈడీ వెలుగు పలకపై నెగటివ్‌ పెట్టి నేరుగా ఫొటో తీయడమే ఈ పద్ధతి. రెండు కోట్ల 40 లక్షల చుక్కల కెమెరాతో ఫ్రేము నిండా తీస్తే 4,000 డీపీఐ స్కానుకు సాటి వస్తుంది. ఒక్కో బొమ్మకు పట్టేది కొన్ని సెకన్లే. ఒక పూటలో పది రీళ్లు ముగించవచ్చు. స్కానరులో ఒక్కో బొమ్మకు మూడు నిమిషాలనుకున్నా, 36 బొమ్మల రీలుకు రెండు గంటలు కావస్తుంది.

ఇందులో గెలుపోటములు నిర్ణయించేది కెమెరా కాదు, వెలుగు, సమతలం. ఎల్‌ఈడీ రంగులను నిజంగా చూపేదై ఉండాలి. సీఆర్‌ఐ అనే కొలమానం 95కు పైగా ఉన్న పలక ఎంచుకోవాలి. కెమెరా నెగటివ్‌కు సరిగ్గా సమాంతరంగా లేకపోతే ఒక మూల స్పష్టంగా, మరో మూల మసకగా వస్తుంది. గదిలో లైట్లు ఆర్పాలి. కటకాన్ని ఎఫ్‌8 దగ్గర, ఐఎస్‌వోను 100 దగ్గర ఉంచి, ముడి ఫైలు రూపంలో తీసుకోవాలి. ట్యాబ్‌ తెరనే వెలుగుగా వాడేవారు నెగటివ్‌ను తెరకు ఆనించకూడదు. తెర చుక్కలు గళ్లుగా బొమ్మలో పడతాయి. మధ్యలో పాలరంగు అక్రిలిక్‌ పలక పెట్టి కొన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉంచాలి.

రంగు నెగటివ్‌ను కంప్యూటరులో తిరగేయడం మరో పరీక్ష. ఆ ఫిల్ముకంతటికీ నారింజరంగు పూత ఉంటుంది. మామూలుగా తిరగేస్తే మనుషులంతా నీలంగా కనిపిస్తారు. ఇందుకోసం నెగటివ్‌ ల్యాబ్‌ ప్రో వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్లున్నాయి. స్కానర్లకైతే సిల్వర్‌ఫాస్ట్‌, వ్యూస్కాన్‌, కంపెనీ ఇచ్చేవి ఆ పని చేసిపెడతాయి. కెమెరా పద్ధతిలో ఇన్‌ఫ్రారెడ్‌ తుడుపు ఉండదన్నది లోపం. అందుకే నలుపు తెలుపు నెగటివ్‌లకు కెమెరా, దుమ్ము పట్టిన రంగు నెగటివ్‌లకు స్కానరు అన్న పంపకం చాలాచోట్ల కుదురుతోంది.

వెండితెర కోసం చేసే స్కానింగ్‌ ఇంతకన్నా ఎన్నో మెట్లు పైది. 1957 నాటి ‘మాయాబజార్‌’ 2010 జనవరిలో రంగుల్లో విడుదలైంది. ఆ పాత ఫిల్మును ముందుగా ఒక్కో చట్రం చొప్పున కంప్యూటరులోకి ఎక్కించిన తర్వాతే రంగులద్దారు. ఆ యంత్రాల ఖరీదులో ఇల్లే కట్టుకోవచ్చు.

కొనాలా... చేయించాలా?

ఇంట్లో ఉన్న బొమ్మలు రెండు మూడొందలకు మించకపోతే యంత్రం కొనడం గిట్టదు. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఫిల్ము కడిగే ల్యాబ్‌లు నేటికీ ఉన్నాయి. వాటిలో ఫ్యూజీ ఫ్రాంటియర్‌, నోరిట్సు స్కానర్లు వాడతారు. మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు రాకపోకలు ఎలాగూ ఉన్నవే. ఇచ్చేముందు అడిగి తెలుసుకోవాల్సినవి: ఒక్కో బొమ్మ ఎన్ని చుక్కలుగా ఇస్తారు, జేపెగ్‌ మాత్రమేనా టిఫ్‌ కూడానా, దుమ్ము తుడుపు ఉందా, నెగటివ్‌ పట్టీలను కత్తిరిస్తారా. చివరి ప్రశ్న ముఖ్యం. ఆరేసి బొమ్మల పట్టీని ముక్కలు చేస్తే తర్వాత ఏ చట్రంలోనూ సరిగా నిలవదు. విలువైనవాటిని కొరియరులో పంపడం కన్నా మనిషి చేతికిచ్చి పంపడం శ్రేయస్కరం. ముందు ఒక్క పట్టీ ఇచ్చి ఫలితం చూశాకే మిగతావి అప్పగించాలి.

బొమ్మలు వెయ్యి దాటితే సొంత యంత్రమే చవక. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తలా కొంత వేసుకుని ఒకటి కొని, పని ముగిశాక అమ్మేస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఈ పరికరాలు చిన్న పట్టణాల దుకాణాల్లో సాధారణంగా నిల్వ ఉండవు. తెప్పించుకునేటప్పుడు మన దేశంలో వారంటీ వర్తిస్తుందా, చట్రాలు పాడైతే విడిగా దొరుకుతాయా అన్నవి చూడాలి. చట్రం విరిగితే స్కానరు మూలన పడుతుంది.

మూతపడిన స్టూడియోలో కుటుంబ నెగటివ్‌లు మిగిలిపోయినవారికి చట్టంలో ఒక ఆసరా ఉంది. 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేనిపక్షంలో మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. నెగటివ్‌ ఫిల్ము ఎవరి సొత్తన్నది వేరే విషయం. మర్యాదగా అడిగి, స్కాన్‌ చేసుకుని తిరిగిచ్చే ఏర్పాటు ఇరువురికీ మంచిది.

చేతికి తొడుగు, చెంత పూత లేని కవరు

స్కానింగ్‌కు ముందు నెగటివ్‌ను అంచులు పట్టుకునే తీయాలి. దుమ్మును గాలి బుడ్డితో ఊదాలి. నోటితో ఊదితే తుంపర పడి మరకవుతుంది. నీటితో కడగడం, చొక్కా కొంగుతో తుడవడం ఎంతమాత్రం పనికిరాదు. బూజు పట్టినవాటిపై తడి తగిలితే జెలటినే కరిగిపోవచ్చు. మెరిసే వైపు, మసక వైపు గుర్తించి పెట్టాలి. అంచులో ఉండే అంకెలు సరిగ్గా చదవగలిగితే ఫిల్ము సరైన వైపు ఉన్నట్లు. తలకిందులైతే ఎడమచేతి గడియారం కుడిచేతికి మారుతుంది. చీర పైట కూడా రెండో భుజానికి మారుతుంది కాబట్టి ఇంటి ఆడవారు ఆ తప్పును ఇట్టే పట్టేస్తారు.

వరద నీటిలో తడిసినవాటిది ప్రత్యేక సమస్య. 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు ఊళ్లను ముంచెత్తిన వైనం ఈ ప్రాంతం మరిచిపోలేదు. అలాంటప్పుడు ఒకదానికొకటి అంటుకున్న నెగటివ్‌లను ఎండలో ఆరబెడితే అవి శాశ్వతంగా అతుక్కుపోతాయి. శుభ్రమైన చల్లటి నీటిలోనే ఉంచి, ఒకటి రెండు రోజుల్లోపు మెల్లగా విడదీసి, నీడలో వేలాడదీసి ఆరబెట్టాలి.

స్కాన్‌ చేసినవాటిని టిఫ్‌ రూపంలో దాచి, చూసుకోవడానికి, పంపుకోవడానికి జేపెగ్‌ నకలు తీసుకోవాలి. 35 మి.మీ. బొమ్మను 3,200 డీపీఐలో తీస్తే మామూలు రంగు లోతు టిఫ్‌ 41 ఎంబీ అవుతుంది. వెయ్యి బొమ్మలకు 41 జీబీ. నేటి రోజుల్లో అది పెద్ద భారం కాదు. నకళ్లు కనీసం మూడు ఉండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. మదనపల్లె సబ్‌ కలెక్టరు కార్యాలయంలో 2024 జులైలో చెలరేగిన మంటల్లో దస్త్రాలు కాలిపోయిన ఉదంతం తర్వాత ఈ మాటకు ఇక్కడ వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఫైలుకు పేరు పెట్టే పని వాయిదా వేస్తే మళ్లీ జరగదు. సంవత్సరం, ఊరు, సందర్భం, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు అన్నది అప్పుడే రాసుకోవాలి. ఎనభై ఏళ్ల అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని తెరపై ఒక్కో బొమ్మా చూపిస్తే ఆమె చెప్పే పేర్లు మరెక్కడా దొరకవు. స్కానింగ్‌ ముగిశాక నెగటివ్‌లను పారేయరాదు. పీవీసీ ప్లాస్టిక్‌ కవర్లు ఫిల్మును తినేస్తాయి కాబట్టి ఆమ్లం లేని కాగితపు కవర్లలోనో, పాలీప్రొపిలీన్‌ పొరల్లోనో పెట్టి, అటకమీది వేడికి, బయటి గోడ చెమ్మకు దూరంగా, ఇంటి మధ్యగదిలో ఉంచాలి. పెట్టెలో వేసే సిలికా జెల్‌ పొట్లాల రంగు మారినప్పుడల్లా వాటిని ఆరబెట్టి మళ్లీ వేస్తుండాలి.